మూత కూసోని గంజు

నక్కలగుట్ట సూపర్‌మార్కెట్ల బిల్లు కొట్టే మా రవళి
రాత్రి తొమ్మిదింటికి ఓ అట్టపెట్టె తెచ్చింది.
ఎల్లుండితోటి తారీఖు అయిపోతదట,
సగం ధరకే ఇచ్చిన్రట.
ఇప్పి చూస్తె
మంచు పట్టిన ఎర్రటి కాళ్ళు,
మూరెడు మూరెడు.
ఒట్టి కాళ్ళు.
డిప్ప లేదు, కండ్లు లేవు,
కరవనీకి కొండీలు లేవు.

"ఎండ్రికాయలా ఇవి?" అన్న.
"సముద్రం ఎండ్రికాయలు" అన్నది.

వేడినీళ్ళల్ల ఎయ్యబోతె మా ఓదెలు చెయ్యి పట్టుకున్నడు.
ఇరవై రెండేండ్ల సంది
ఎనుమాముల కోల్డ్ స్టోరేజీల మిర్చి బస్తాలు మోసిన మనిషి,
రోహిణి ఎండల ఉన్నిటోపీ సంకల పెట్టుకొని
డ్యూటీకి పోయే మనిషి.
సలువ ముచ్చట ఆయనకే ఎరుక.
"తొందర పెట్టకు.
సల్లటి కొట్లకెల్లి తీసిన బస్తాను
నడి ఎండల పడేస్తె చెమట పడ్తది,
ఎరుపు సచ్చి నల్లబడ్తది.
మెల్లగ రానియ్యాలె."

ఇత్తడి తాంబాలంల పరిచి
ఫ్రిజ్ కింది అరల పెట్టినం.
పొద్దుగాల లేచి చూస్తె
తాంబాలం నిండ నీళ్ళు.
వేలు ముంచి నాలికె మీద పెట్టుకున్న. ఉప్పు.
నేను సముద్రం చూడలే.
గీ తాంబాలమంతే చూసిన.

నాకు తెలిసిన ఎండ్రికాయ వేరే.
నర్సంపేట దిక్కు మా ఊర్ల
నాటేసిన మడి ఒడ్డుకు బొక్క తవ్వుకొని ఉంటది.
ముసురు పట్టిన నాడు
మా తమ్ముడు మొగిలి మోచేతి దాక చెయ్యి దూర్చేటోడు.
కరిస్తె ఏడ్వడు, దొరకకపోతె ఏడుస్తడు.
ఒకనాడు చెయ్యి బయటికి గుంజితె
ఏళ్ళ నడుమ ఒక్క కాలు,
ఇంకా ముడుసుకుంట, ఇప్పుకుంట.
ఎండ్రికాయ లోపటే ఉంది.
కాలువల నాగలి కడుగుతున్న మా బాపు చూసి నవ్విండు:
"కాలిచ్చి పానం దక్కించుకున్నది బిడ్డా.
పోనియ్. మళ్ళ మొలుస్తది."
మొగిలి ఆ కాలును లాగు జేబుల ఏసుకొని
వాసనొచ్చిందాక తిరిగిండు.

ఇప్పుడు నా పొయ్యి మీద పెద్ద గంజు.
చింతపండు పులుసు, ఎల్లిపాయ ముద్ద,
ఏంచి దంచిన నువ్వుల పొడి,
బస్తా చినిగి రాలిన మిర్చితోటి పట్టించిన కారం.
కాళ్ళు పట్టవు. మోకాళ్ళు బయటికే.
మూత ఈ దిక్కు ఒత్తితె ఆ దిక్కు లేస్తది,
ఆ దిక్కు ఒత్తితె ఈ దిక్కు,
ఒక్క దుప్పట్ల పండుకున్న నలుగురు పిల్లల లెక్క.
"ఇరగ్గొట్టరాదు" అన్నడు ఓదెలు.
ఎందుకో చేతులు రాలే.
మూత తీసి గూట్ల పెట్టిన.
కాళ్ళ మీద పండవెట్టుకున్న పసిదానికి నీళ్ళు పోసినట్టు
గంటెతోటి పులుసు మీద మీద పోసుకుంట
గంటసేపు నిలబడ్డ.

పళ్ళకు లొంగని పెంకు.
చచ్చిపోయిన మా అత్త అడకత్తెర యాదికొచ్చింది.
పోకలు తప్ప ఏమీ కొరకని అడకత్తెర
టప్పుమని కొరికింది.
లోపట తెల్లటి కండ, పోగులు పోగులుగ.
పులుసు దాని దాక పోనే లేదు.
మీద మా కారం,
లోపట దాని తీపి దానిదే.

రవళి అట్టపెట్టె తిప్పి చదివింది:
"ఇవి ముందుగాలనే ఉడికించినవట అమ్మా,
మనం ఎచ్చజేస్తె చాలట."
మరి నేను గంటసేపు నిలబడ్డదేంది?
ఓదెలుకు నవ్వి నవ్వి పొలమారింది.

నవ్వు తగ్గినంక మొగిలి ముచ్చట చెప్పిన.
పిల్ల ఎంగిలి చేతిల ఓ డొల్ల పట్టుకొని
అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.
"మరి ఇవి గూడ గట్లనే తప్పించుకున్నయా?"
నవ్వుకుంట అడగలే.

పెట్టె మీద ఇంకేం రాసుందో,
నాకు చదువ రాదు.
ఇంకొంచెం అన్నం పెట్టి
ఉప్పు సరిపోయిందా అన్న.